ఆయనకి రుచి చెప్పిన చోట్లు

రాసుకో అమ్మడూ. నేను చెప్పింది చెప్పినట్టే రాయి. మధ్యలో "అమ్మమ్మా, ఇది వాక్యం అవదు" అని ఆపకు. మీ కాలేజీలో వాక్యం ఎలా ఉండాలంటారో నాకు తెలియదు గానీ, నిప్పుల మీద కాల్చిన కోడి ఎలా ఉండాలో తెలుసు. పంజాబు నుంచి కేరళ దాకా మీ తాతయ్య పనిమీద వెళ్ళిన చోటికల్లా వెంట వెళ్ళి, కాల్చినవన్నీ తిన్న మనిషిని.

"పంజాబు కాదే, హర్యానా" అంటున్నారు చూడు వసారాలోంచి. పేపరు చేతిలో ఉంది, చెవులు ఇక్కడున్నాయి.

"మీరు పేపరు చదువుకోండి. నేను మీతో చెప్పడం లేదు, మనవరాలితో చెబుతున్నాను."

ఇది కూడా రాసేశావా? సరే, ఉండనీ.

ఇదంతా ఇప్పుడెందుకు రాయిస్తున్నానో చదివేవాళ్ళకి చెప్పాలి కదా. మొన్నటి వానాకాలంలో నాకు జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ నాలుక మీది రుచినీ, ముక్కులోని వాసననీ తీసుకుని పోయింది. అప్పటినుంచి కాఫీ అంటే వేడినీళ్ళు. ఆవకాయ అంటే కాస్త మంట. పులుసు, చారు, మజ్జిగ అన్నీ ఒకటే. డాక్టరుగారు "రావచ్చండి, రాకపోవచ్చండి, కంగారు పడకండి" అన్నారు. నా ఒక్కదాని సంగతే అయితే నేనూ కంగారు పడను. కానీ నా నాలుక మీద ఇన్నేళ్ళూ ఇద్దరం తిన్నాం. నేను తిని రుచి చెబితే, మీ తాతయ్య అది విని తిన్నంత తృప్తి పడేవారు. ఇప్పుడు ఆయనకి నేనేం చెప్పాలి? అదే నా దిగులు. కొత్త రుచులు ఎలాగూ లేవు, పాతవైనా మనసులోంచి జారిపోకముందే ఒకచోట పెట్టమని నిన్ను కూర్చోబెట్టాను.

మీ తాతయ్య బియ్యం మిల్లుల ఫిట్టరు. మిల్లు కొత్తగా కడితే మిషన్లు బిగించడం, పాతదైతే బాగుచేయడం ఆయన పని. మన గోదావరి జిల్లాల ఫిట్టర్లంటే దేశంలో వడ్లు పండే చోటల్లా గిరాకీ. ఒక్కోసారి నెలల తరబడి వెళ్ళేవారు. పిల్లలు చిన్నగా ఉన్నంతకాలం నేను ఇల్లు కదల్లేదు. మీ అమ్మా, మామయ్యా హాస్టళ్ళలో చేరాక, "ఒక్కదానివి ఇంట్లో ఎవరి మొహం చూస్తావు, రా" అని నన్నూ తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. ఒక పెట్టె, ఒక కుక్కరు, ఒక ఆవకాయ జాడీ. అదీ మా సామాను.

ఆయనకి కాల్చిన తిండి పిచ్చి. అది మిల్లులోనే అంటుకుంది. మిల్లు బాయిలరు ఊకతో మండుతుంది కదా, ఆ ఊక బూడిద పైకి చల్లగా కనిపిస్తుంది, లోపల కణకణలాడుతుంటుంది. అందులో చిలగడదుంపలు కప్పెట్టేవారు. కాలవలో కొరమీను దొరికితే ఉప్పు, కారం, పసుపు పట్టించి, అరిటాకులో చుట్టి అందులోనే పెట్టేవారు. పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం తువ్వాల్లో మూటకట్టి ఇంటికి తెచ్చారు. విప్పితే ఆకు నల్లగా మాడిపోయి ఉంది. మా అత్తగారు చూసి, "ఏంట్రా ఇది, పొయ్యిలోంచి పారేసింది ఏరుకొచ్చావా?" అన్నారు. తరవాత ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. తలకాయ భాగం కూడా ఆవిడే తినేశారు.

ఇక ఊళ్ళ సంగతికి వస్తా. హర్యానాలో, సరేనా అండీ, హర్యానాలోనే, ఒక మిల్లు పని చేస్తున్నప్పుడు రోడ్డు పక్కన ఒక ధాబా ఉండేది. నులక మంచాలు వేసి ఉండేవి. మంచం మీద కూర్చుని తినడమేంటని నేను నిలబడే ఉన్నాను. మీ తాతయ్య నవ్వి, మంచం మీద అడ్డంగా ఒక చెక్క వేసి, "ఇదిగో, నీకు టేబులు కూడా వచ్చింది, కూర్చో" అన్నారు. ఆ ధాబా ఆయన మట్టి పొయ్యిలోకి ఇనుప చువ్వ దింపి కోడి తీశాడు. ఎర్రగా ఉంది. పైన అక్కడక్కడ నల్లటి మచ్చలు. నిమ్మకాయ పిండి ఇచ్చాడు. మీ తాతయ్య కళ్ళు మూసుకుని తిన్నారు. ఎముక కూడా వదల్లేదు. నేను సంచీలోంచి ఆవకాయ తీస్తే ధాబా ఆయన వాసన చూసి, తనకీ కొంచెం వేయించుకున్నాడు. ఒక్క ముక్క నాకి, నీళ్ళ కూజా ఎత్తి తాగుతూనే ఉన్నాడు. మర్నాడు మేము వెళ్ళేసరికి మళ్ళీ చెయ్యి చాపాడు.

బీహారులో లిట్టీ అని ఉంటుంది. గోధుమపిండి ఉండలో వేయించిన సెనగపిండి పెట్టి పిడకల నిప్పు మీద కాలుస్తారు. మొదటిసారి చూసినప్పుడు, పాపం ఎవరివో లడ్డూలు మాడిపోయాయనుకున్నాను. దాంతోపాటు కాల్చిన వంకాయ పచ్చడి ఇస్తారు. అది నోట్లో పెట్టుకోగానే ఇంటికొచ్చినట్టనిపించింది. మన కాల్చిన వంకాయ పచ్చడికి వదినగారిలా ఉంటుంది. చింతపండు లేదు, ఆవనూనె ఉంది, అదే తేడా.

ఆ బీహారులో ఉన్నప్పుడే నా గొంతులో గడ్డ కనిపించింది. ముందు గాజుపూసంత అనుకున్నాను. తరవాత మింగుతుంటే అడ్డం పడేది. అక్కడి డాక్టరు చూసి, ఆలస్యం చేయకుండా మీవైపు వెళ్ళి ఆపరేషన్ చేయించుకోమన్నాడు. అది మంచి గడ్డో చెడ్డ గడ్డో కోసి చూస్తే గానీ తెలియదన్నాడు. మీ తాతయ్య ఆ రోజు మిషను దగ్గర ఒకే బోల్టు మూడుసార్లు విప్పి బిగించారట. సాయంత్రం వచ్చి, "ఊరెళ్ళే దారిలో కాశీ చూసుకుని వెళ్దాం" అన్నారు. కాశీ మా దారిలో లేదు. అయినా పెట్టె సర్దాను.

కాశీకి వెళ్తే ఇష్టమైన కాయ ఒకటి, పండు ఒకటి వదిలేసి రావాలంటారు కదా. ఇక జన్మలో తినకూడదు. గంగ ఒడ్డున మనవైపు ఆడవాళ్ళు ఓ గుంపు కూర్చుని అదే చర్చ.

"నేను పొట్లకాయ వదిలేశానమ్మా. మా ఇంట్లో ఎలాగూ ఎవరూ తినరు."

"నాది కాకరకాయండి. షుగరొస్తే ఎలాగో మరి."

"నువ్వు కాకరకాయ వదిలేస్తే గంగమ్మ నవ్వుకోదూ?"

అందరూ నవ్వుతున్నారు. నాకూ నవ్వొచ్చింది, గొంతు నొప్పెట్టింది. ఈలోగా పూజ చేయించే పురోహితుడుగారు, ఆయనా తెలుగాయనే, మీ తాతయ్యని అడిగారు.

"కాయ ఏం వదులుతారండీ?"

"నిప్పుల మీద కాల్చిన కోడి, మాంసం, చేప."

పురోహితుడుగారు చేతిలో నీళ్ళ చెంబు అలాగే పట్టుకుని చూశారు. "ఇక్కడ నీచు మాటేంటండీ బాబూ! కాయ చెప్పండి. బెండకాయనండి, దొండకాయనండి."

"బెండకాయ నాకంత ఇష్టం లేదండి. ఇష్టం లేనిది ఇచ్చేసి, ఇచ్చానని చెప్పడం ఎందుకండీ?"

"శాస్త్రంలో అలా లేదండి."

"శాస్త్రానికి బెండకాయ రాసుకోండి. నాకు మాత్రం ఇదేనండి."

పురోహితుడుగారు నన్ను చూశారు. నా మెడ మీద వాపు కూడా చూసి ఉంటారు. చెంబులో నీళ్ళు ఆయన చేతిలో పోశారు. మీ తాతయ్య కళ్ళు మూసుకుని, పెదాలు కదిలించి, ఆ నీళ్ళు గంగలో వదిలేశారు. ఎవరికోసం వదిలారో ఆయన చెప్పలేదు. నా పక్కన కూర్చున్నావిడ కాకరకాయ మాట మర్చిపోయి నా చెయ్యి పట్టుకుంది.

మన వైపు వచ్చాక ఆపరేషన్ అయింది. గడ్డ మంచిదే. మెడ మీద ఈ గీత మిగిలింది, నువ్వు చిన్నప్పుడు గొలుసు అనుకుని లాగేదానివి. ఆసుపత్రి నుంచి రాగానే నేను అన్నాను, "ఇంక ఏం భయం లేదు కదండీ, తినేయండి" అని. ఆయన నా వైపు ఎలా చూశారంటే, ఎవరో ఇంటికి నిప్పు పెట్టమన్నట్టు చూశారు. అరిటికాయ కాల్చినా, వంకాయ కాల్చినా తింటారు. మాంసం, చేప కూర వండితే తింటారు. నిప్పుల మీద కాలిస్తే మాత్రం ముట్టరు.

తరవాత ఏడాది లక్నో దాటి ఒక ఊళ్ళో మిల్లు పని. మొదటి వారమే నన్ను ఒక కబాబుల కొట్టుకి తీసుకెళ్ళారు. ఆయన తినరు కదా, ఎందుకొచ్చామా అనుకున్నాను. నాకు ఒక ప్లేటు చెప్పారు, తనకి రొట్టె, పప్పు చెప్పారు. నేను తింటుంటే ముందుకి వంగి అడిగారు.

"ఎలా ఉందే?"

"బాగుందండి."

"బాగుందంటే నాకేం తెలుస్తుంది? సరిగ్గా చెప్పు."

"మెత్తగా ఉందండి."

"జున్నులా మెత్తగానా, అరిసెలా మెత్తగానా?"

నాకు చిరాకేసింది. తినేవాళ్ళని తిననివ్వరా అనుకున్నాను. ఆయన మొహం చూశాక ఆ చిరాకు పోయింది. బడి పిల్లాడు కథ కోసం కూర్చున్నట్టు కూర్చున్నారు. రొట్టె తుంచి చేతిలోనే పట్టుకున్నారు, నేను చెప్పే మాట కోసం. ఇంకో ముక్క నోట్లో పెట్టుకుని, ఈసారి తొందరపడకుండా నమిలాను.

"జున్నేనండి. పళ్ళతో పని లేదు, నాలుకతో నొక్కితే విడిపోతోంది. ముందు లవంగం వస్తోంది. అది వెళ్ళాక బొగ్గుల పొగ వస్తోంది. మన మిల్లులో ఊక పొగలా కాదు, ఇది సన్నంగా ఉంది, దేవుడి గదిలో సాంబ్రాణి ఆరిపోయాక మిగిలే వాసన ఉంటుంది చూడండి, అలాగ."

"ఆ..." అని, రొట్టె ముక్క పప్పులో ముంచి నోట్లో పెట్టుకున్నారు. అదే మొదలు.

అప్పటినుంచి ఎక్కడికెళ్ళినా ఇదే వరస. నేను తినాలి, చెప్పాలి. ఆయన విని, రొట్టో అన్నమో తినాలి. కొట్లవాళ్ళకి మేమొక వింత. బెంగాల్లో బర్దమాను దగ్గర ఒక కొట్టులో వడ్డించే కుర్రాడు మీ తాతయ్యని చూసి జాలిపడి, ఒక సీకు కబాబు ఊరికే తెచ్చి ఆయన ఆకులో వేయబోయాడు. ఈయన రెండు చేతులూ అడ్డం పెట్టేశారు. ఆ కుర్రాడు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. మొగుణ్ణి పస్తు పెట్టి తను తినే రాక్షసిననుకున్నాడు.

కేరళలో పాలక్కాడు వైపు ఉన్నప్పుడు అరిటాకులో చుట్టి పెనం మీద కాల్చే చేప తిన్నాను. అది పెనం మీద కాబట్టి నిప్పుల లెక్కలోకి రాదేమో, తినొచ్చేమో అని నేను వాదించాను. "ఆకు మాడిందా లేదా?" అన్నారు. "మాడిందండి." "అయితే నాది కాదు, నీదే. చెప్పు." సరే, చెప్పాను. ఉల్లిపాయ ముద్దలా ఉడికి చేపకి అంటుకుందని, కొబ్బరినూనె ముందు ముక్కుకి ఎక్కువనిపించినా రెండో ముద్దకి దారికొచ్చిందని, మన కొరమీను కంటే ముల్లు తక్కువనీ, తీపి ఎక్కువనీ. "మా అమ్మ ఉంటే తలకాయ తినేసేది" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇలా చెప్పీ చెప్పీ నాకు మాటలొచ్చాయి అమ్మడూ. అంతకుముందు నేను ఇంత వాగేదాన్ని కాదు, కావాలంటే మీ అమ్మనడుగు. ఏ పొగ ఏ కట్టెదో, ఏ ముక్క ఎంతసేపు ఊరిందో ఆయన కోసమే నేర్చుకున్నాను. తినేటప్పుడు నాకోసం సగం, ఆయనకోసం సగం. చెప్పకుండా తింటే కడుపు నిండినట్టే ఉండేది కాదు.

అలాంటిది ఈ జ్వరం వచ్చి అంతా ఊడ్చేసింది. ముందు కొన్నాళ్ళు నేను నీరసంలో పట్టించుకోలేదు. ఒకరోజు మీ అమ్మ రాజమండ్రిలో కొత్తగా పెట్టిన కొట్టు నుంచి కాల్చిన రొయ్యలు తెచ్చింది. మీ తాతయ్య కుర్చీ జరుపుకుని ఎదురుగా కూర్చున్నారు. నేను నమిలాను. రబ్బరు నమిలినట్టుంది. ఆయన ముఖంలోకి చూడలేక, పళ్ళెంలోకి చూస్తూ "ఏం తెలియడం లేదండి" అన్నాను. "పోన్లే" అన్నారు. లేచి వెళ్ళి కుండీల్లో మొక్కలకి నీళ్ళు పోశారు. పొద్దున్నే పోసినవే.

ఆ తరవాత ఆయన ఏ కొట్టు మాటా ఎత్తలేదు. అన్నం దగ్గర ఇద్దరం టీవీ చూస్తూ తినడం మొదలుపెట్టాం. మాకెప్పుడూ లేని అలవాటు అది. ఒకరోజు ఉండబట్టలేక అన్నాను.

"ఏవండీ, నా వల్ల కావడం లేదు. మీరు మళ్ళీ తినండి. తిని నాకు చెప్పండి."

"నోరు ముయ్యి."

"ఎప్పటి మాటండీ అది! ఇంకా ఎందుకండీ?"

"నాలుక పోతే పోయింది. గొంతుందిగా. అది ఉందంటే ఎందుకుందో నాకు తెలుసు. నువ్వు ఆ మాట ఎత్తకు."

లేచి టీవీ సౌండు పెంచేశారు. ఆ వయసు మనిషిని అలా భయపెట్టకూడదు. నేను ఊరుకున్నాను. కానీ లోపల మాత్రం, ఇక మా ఇద్దరి మధ్యా ఆ మాటలు ఉండవా, ఇలా టీవీ చూస్తూనే వెళ్ళిపోతామా అని ఒకటే బెంగ.

పోయిన ఆదివారం సంగతి నీకు తెలుసు, నువ్వే కారులో పక్కనున్నావు. అయినా రాయి. పొద్దున్నే లేచి, "మారేడుమిల్లి వెళ్దాం. బొంగులో చికెన్ తిందువుగాని" అన్నారు. నేను రానన్నాను. "అంత దూరం వెళ్ళి చెక్క ముక్క నమలడానికా?" అన్నాను. "చెక్కైనా నమలచ్చు, అడవి గాలైనా తగులుతుంది, పద" అన్నారు. దారిలో ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే అద్దం దించి బయటికి చూస్తూ ఉన్నారు. ఏదో ఆలోచన ఉందని నాకు తెలుస్తూనే ఉంది.

రోడ్డు పక్కన తాటాకు పాకలో ఒకావిడ పచ్చి వెదురు బొంగుల్లో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద వరసగా పేర్చింది. నూనె చుక్క కూడా వేయదు.

"ఎంతసేపమ్మా?" అన్నారు ఈయన.

"ఆయ్, బొంగు నల్లబడాలండి. తొందరపెడితే ముక్క పచ్చిగా ఉంటదండి."

బొంగు నల్లబడింది. మూతి తీసి అడ్డాకు విస్తట్లో దులిపింది. పొగలు వచ్చాయి. నాకు పొగ కనిపించింది, వాసన లేదు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. వేడిగా ఉంది. మెత్తగా ఉంది. అంతే. నువ్వు నా వైపు చూడకుండా నీ ముక్క తింటున్నావు, పాపం.

అప్పుడు మీ తాతయ్య నా ఆకు తనవైపు లాక్కున్నారు. తినేస్తున్నారేమోనని చెయ్యి అడ్డం పెట్టబోయాను. తినమని అడిగినదాన్ని నేనే, అయినా భయమేసింది. తినలేదు. ఆకు మొహం దగ్గరికి తెచ్చుకుని గట్టిగా వాసన పీల్చారు. కళ్ళు మూసుకుని మళ్ళీ పీల్చారు. ఆకు నా ముందు పెట్టారు.

"నములు. తొందరపడకు. నేను చెప్తాను."

"తినకుండా ఏం చెప్తారండీ?"

"ఇన్నేళ్ళు విన్నాను కాదే? ముక్కు ఉంది, నీ మాటలున్నాయి. నములు."

నమిలాను.

"ముందు పచ్చి వెదురు వస్తుంది. వాన వెలిశాక కంచె పక్కన నడుస్తుంటే వస్తుందే, అలాగ. దాని వెనకాల అల్లం. నలగ్గొట్టిన అల్లం, నూరింది కాదు. పొగ ఎక్కువ లేదు, బొంగు అడ్డం ఉంది కదా, లోపలికి రానివ్వలేదు. ముక్క తన నీళ్ళలో తనే ఉడికింది. లక్నోలో దానిలా జున్ను కాదు. కొంచెం పట్టు ఉంటుంది, నీ పళ్ళకి తెలుస్తోందా?"

"తెలుస్తోందండి."

"అదిగో. కారం చివర్లో వస్తుంది, గొంతు దగ్గర."

గొంతు దగ్గర సన్నగా మంట తగిలింది. రుచి రాలేదు అమ్మడూ, అబద్ధం రాయించను. కానీ వెదురు ఎప్పుడొచ్చిందో, అల్లం ఎప్పుడొచ్చిందో నాకు తెలిసింది. ఆయన చెప్పిన చోట ఆగాను, చెప్పినప్పుడు మింగాను. నా కళ్ళలో నీళ్ళు చూసి పొయ్యి దగ్గరావిడ, "కారం ఎక్కువైందాండీ?" అని కంగారుపడింది.

"లేదమ్మా, సరిపోయింది" అన్నాను.

నువ్వేమో మధ్యలో తల దూర్చి, "తాతయ్యా, ఉప్పు కొంచెం ఎక్కువే ఉంది, అది చెప్పలేదు" అన్నావు.

"ఉప్పుకి వాసనుండదే పిచ్చిదానా, నాకెలా తెలుస్తుంది? ఇకనుంచి ఉప్పు నువ్వు చూడు. మిగతాది నేను చూసుకుంటాను." అంటూనే ఆవిడ వైపు తిరిగి, "ఇంకో బొంగు పెట్టమ్మా. ఈసారి తొడ ముక్కలు వెయ్యి" అని, కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు.